ఇంట్లోకి వచ్చిన కొళాయి

మా అపార్ట్‌మెంటులో అప్పుడప్పుడు మేడ మీది ట్యాంకు కడుగుతారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా కొళాయిలన్నీ ఎండిపోయి ఉంటాయి. కింద ఎవరో వాల్వు తిప్పగానే వంటింటి గొట్టం ముందు దగ్గుతుంది, గొంతు సవరించుకున్నట్టు గాలి వదులుతుంది, ఎర్రమట్టి రంగు నీళ్లు కాసిని ఉమ్మి, ఆ తర్వాతే తెల్లటి ధార పోస్తుంది. ఆ మొదటి నీళ్లకు ఒక వాసన ఉంటుంది. తుప్పూ, తడి నాచూ, వాటి వెనక ఎక్కడో సన్నగా బ్లీచింగ్ పౌడరూ కలిసిన వాసన. మా అమ్మాయి ముక్కు మూసుకుని ఆ నీళ్లు పారిపోనిమ్మంటుంది. నేను మాత్రం సింకు దగ్గర అవసరం లేకపోయినా కాసేపు నిలబడతాను.

ఈమధ్య అలా నిలబడి ఉండగా అమ్మాయి ఫోను టింగుమంది. ఆమె బెంగళూరు హూడిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఉద్యోగులు ఉల్లాసంగా ఉండాలని ఆఫీసువాళ్లే ఏదో యాప్ పెట్టించారట. పొద్దుటెండలో కాసేపు నిలబడు, కొంచెం దూరం నడువు, ఏదైనా బరువు ఎత్తు, ఒక మనిషితో ఎదురుగా నిలబడి మాట్లాడు, ఇవాళ నవ్వావా అని అది రోజంతా అడుగుతూ ఉంటుంది. అమ్మాయి ఆ మాటలన్నీ నాకు చదివి వినిపించి, వీటికి టైమెక్కడ దొరుకుతుందని విసుక్కుంది. పత్రికాఫీసులో జీవితమంతా ఇతరులు రాసిన వార్తలు కత్తిరించి, కుదించి, శీర్షికలు పెట్టిన దాన్ని కాబట్టి, ఆ సలహాలన్నిటినీ ఒక్క శీర్షిక కిందికి తేవాలనిపించింది నాకు. కాటన్‌పేటలో మా సందు మొదట ఉండిన వీధి కొళాయి దగ్గర, నా చిన్నప్పుడు, పొద్దున్నే ఇవన్నీ ఒకేచోట జరిగిపోయేవి. ఎవరూ వాటిని సలహాలనుకోలేదు. నీళ్లు పట్టుకోవడం అనుకున్నారు.

మా ఇంటికి ముందు భాగం అంగడి, వెనక భాగం కాపురం. నాయన తాళ్లు, గోనెసంచులు, పురికొస టోకున అమ్మేవాడు కాబట్టి మా ఇల్లంతా కొబ్బరి పీచు వాసన, జనుము వాసన. వర్షాకాలంలో ఆ రెండూ తేమకు ఉబ్బి, వంటింట్లో పోపు వేసినా పైకి తేలనిచ్చేవి కావు. పక్క అంగడిలో దూది ఏకేవారు. వేసవి మధ్యాహ్నాల్లో ఆ తీగ మోత వింటూ నిద్రపోతే, లేచేసరికి కనుబొమల మీద తెల్లటి నూగు వాలి ఉండేది. చలికాలం వచ్చిందంటే వీధివీధంతా అవరెకాయల, అదే అనపకాయల, జిడ్డు వాసన. నానబెట్టిన గింజల్ని వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తొక్కలోంచి పప్పు చటుక్కున ఎగిరేది. పితికిపప్పు చెయ్యడానికి మా అవ్వ పిల్లల్ని కూర్చోబెట్టేది గానీ, మేము ఒకరి ముఖాల మీద ఒకరం కొట్టుకున్న పప్పు పోను మిగిలిందే కూరలోకి వెళ్లేది. కార్తీకంలో బసవనగుడి పరిషె తిరునాళ్లకు పోయి ఒడినిండా వేరుసెనక్కాయలు తెచ్చుకోవడం, ఉగాదికి ఓళిగల, అంటే బొబ్బట్ల, మీద నెయ్యి కారి మోచేతుల దాకా రావడం, గుమ్మం ముందు కుంటెబిల్లె గళ్లు గీసి ఒంటికాలి మీద గెంతుతూ నాయన బండ్లవాళ్ల చేత తిట్లు తినడం, ఇవన్నీ ఏడాదికోసారో, సెలవులప్పుడో వచ్చే సంబరాలు. కొళాయి మాత్రం ప్రతిరోజూ ఉండేది.

నీళ్లు తెల్లవారుతుండగా వచ్చేవి. బెంగళూరు పొద్దుటి మంచు ఇంకా వీధి దీపాల చుట్టూ ముసురుకుని ఉండేది. అయితే వరుస మాత్రం ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. ప్రతి ఇంటివాళ్లూ తమ తరఫున ఒక వస్తువును అక్కడ పెట్టి పోయేవారు. పూలు కట్టి అమ్మే గౌరక్క ఒక విరిగిన రోటిముక్క పెట్టేది. బీడీలు చుట్టే బీబమ్మ సొట్టలు పడిన నూనె డబ్బా పెట్టేది. మాది కంఠం చీలిన ఇత్తడి చెంబు. ఆ వస్తువు ఉందంటే మనిషి నిలబడినట్టే. దాన్ని పక్కకు జరిపి ముందుకు పోయే ధైర్యం ఎవరికీ లేదు; పోలీసు లేని చట్టం అది. ఒకరు పురిటికి వెళ్లినా, ఊరికి పోయినా, వాళ్ల రాయి వాళ్ల స్థానంలోనే ఉండేది. పక్కింటివాళ్లు ఆ వంతుకు నీళ్లు పట్టి గుమ్మంలో పెట్టేవారు.

ముళబాగిలు పక్క పల్లెనుంచి కోడలుగా వచ్చిన మా అమ్మ, సరోజ, ఇంట్లో మెత్తగా మాట్లాడేది. మాట్లాడటం కూడా అవసరమైనంతే. కొళాయి దగ్గర మాత్రం ఆమె ఇంకో మనిషి. నాయన అంగడికి వచ్చే బేరగాళ్లను, గుడి పూజారిని, కరెంటు బిల్లు తెచ్చే ఆయనను, ఒక్కొక్కరినీ గొంతుతో, చేతులతో దింపేసేది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి దూకి, బీబమ్మ కోసం మధ్యలో ఉర్దూ ముక్కలు కలిపేది. ఆడవాళ్లు నవ్వలేక చంకలో బిందెలు దించేసేవారు. పరుపులో ముడుచుకుని పడుకున్న నాకు ఆ నవ్వు వినబడేది. తెల్లారిందనడానికి నాకు గడియారం అక్కర్లేదు, అదొక్కటే గుర్తు.

మా సందులో మొట్టమొదటి ఇంటి కొళాయి మాదే. దానికోసం నాయన ఎంత తిరిగాడో, ఎవరెవరిని బతిమాలాడో నాకు తెలియదుగానీ, గొట్టం పెరట్లోకి వచ్చిన రోజు ఆయన ముఖం మాత్రం గుర్తుంది. కొళాయికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అవ్వ తీపి పొంగలి చేసింది. సందులోని ఆడవాళ్లందరూ వచ్చి, ఒకరి తర్వాత ఒకరు తిప్పి చూసి, చెయ్యి తడుపుకుని పోయారు. "ఇంకేమప్పా, సరోజ మహారాణి అయిపాయె" అంది గౌరక్క, ఆకులో పొంగలి తీసుకుంటూ. అమ్మ నవ్వింది. మర్నాటి నుంచి మా చెంబు వరుసలో పెట్టలేదు.

మొదట్లో అందరం సంతోషపడ్డాం. కొన్నాళ్లకు నేను బడికి ఆలస్యంగా పోవడం మొదలైంది. పొద్దున్న మెలకువ రావడంలేదు. అవ్వ నన్ను సోమరి అంది, పంతులమ్మ గోడవైపు నిలబెట్టింది. ఎందుకు మెలకువ రావడంలేదో నాకూ తెలియలేదు. ఆ తర్వాత చారులో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలు లేదు. అమ్మ జడ వేసుకోవడం మధ్యాహ్నానికి, ఆ పైన సాయంత్రానికి జరిగింది. పెరట్లో కొళాయి కింద ఒకే గిన్నెను తోముతూ కూర్చుని, ఎవరైనా పిలిస్తే ఎక్కడినుంచో వచ్చినట్టు తలెత్తేది. నెమ్మదిగా చిక్కిపోయింది. రైక భుజాల మీద వదులయింది.

సందు చివరి డాక్టరుగారి దగ్గరికి నాయన తీసుకెళ్లాడు. నేనూ వెంట పోయాను. ఆయన నాలుక చూశాడు, కనురెప్పలు దించి చూశాడు, నాడి చూశాడు. ఎక్కడ నొప్పి అని అడిగితే అమ్మ, "నొప్పేం లేదు సార్. బేజారుగా ఉండాది" అంది. ఆయన నవ్వి, బేజారుకు తన దగ్గర మందు లేదని, బలానికి మాత్రం ఉందని, ఎర్రటి టానిక్కు రాసిచ్చాడు. తుప్పు నీళ్లలో బెల్లం కలిపినట్టుండేది అది. అమ్మ చెప్పిన వేళకు చెప్పినట్టే తాగింది. ఏమీ మారలేదు.

అవ్వకు మాత్రం రోగం ఏమిటో మొదటినుంచీ తెలుసు. దిష్టి. సందంతా కొళాయిని చూసి పోయింది కదా, అన్ని కళ్లూ కోడలి మీదే పడ్డాయని ఆమె తేల్చింది. మంగళవారం పొద్దున్న కొళాయి మెడకు నల్లదారంతో నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. దాని పైన గోడకు కోరల రాక్షసి ముఖం గీసిన బూడిద గుమ్మడికాయ వేలాడదీసింది. ఆ కొళాయి తిప్పాలంటే నాకు భయం వేసేది. అక్కడితో ఆగలేదు. వీధి ఆడవాళ్లు పెరట్లోకి రాకూడదు. అమ్మ దీపాల వేళ గడపలో నిలబడకూడదు. ఎవరైనా పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి లోపలికి వచ్చెయ్యాలి. గౌరక్క మల్లెమొగ్గలు తెచ్చి గుమ్మం దగ్గరే ఇచ్చి పోవలసి వచ్చింది. ఆమెకు కోపం వచ్చిందని అమ్మకు తెలుసు. ఆ కోపం తీర్చడానికి వీధిలోకి పోయే వీలు లేదు.

ఒకరోజు గోనెసంచుల కట్టల వెనక దాక్కుని ఆడుకుంటుండగా నాయనా, అవ్వా మాట్లాడుకోవడం వినబడింది. వచ్చే ఆదివారం మామను పిలిపించి అమ్మను పుట్టింటికి పంపాలని. నాకు బడి ఉంది గనక నేను ఇక్కడే. ఎన్నాళ్లకని అవ్వ అడిగింది. "బాగయ్యేదాకా" అన్నాడు నాయన. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది; నాకు అదే ఎక్కువ భయమేసింది. బాగుకాకపోతే? ఆ ప్రశ్న ఆ ఇద్దరూ అడగలేదు. జనుము దారాలు పీకుతూ నేను అక్కడే చీకటి పడేదాకా కూర్చున్నాను.

ఆ ఆదివారం రాకముందే, మురుగుకాలవ కోసం సందు తవ్వుతున్నవాళ్ల గడ్డపార మా గొట్టానికి తగిలింది. పెరట్లో కొళాయి గాలి దగ్గి ఆగిపోయింది. నాయన సరుకు కోసం ఊరెళ్లాడు. తొట్టిలో నీళ్లు అడుగంటాక అవ్వకు గత్యంతరం లేకపోయింది. అమ్మ చెంపమీద కాటుక చుక్క పెట్టి, చేతికి బిందె ఇచ్చి, కాపలాకి నన్ను వెంట పంపింది.

వరుసలో మా చెంబు లేదు. రోటిముక్కా, నూనె డబ్బా, మిగతావాళ్ల రాళ్లూ తమ తమ చోట్లలో ఉన్నాయి. మేము చివరకు పోయి నిలబడ్డాం. అప్పటిదాకా సాగుతున్న మాటలు ఆగిపోయాయి. గౌరక్క తిరిగి కూడా చూడకుండా, నీళ్ల ధారతో చెబుతున్నట్టు అంది:

"ఏం మహారాణమ్మా, దారి తప్పి వస్తివా?"

నేను అమ్మ ముఖం వైపు చూశాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె బిందె కింద పెట్టింది. గొంతు బిగించి, మా కొళాయి దగ్గినట్టు దగ్గింది. ఆ ఖళ్లుఖళ్లు, ఆ గాలి, చివర్న ఆ ఉమ్మి, అచ్చం అదే. ఆ తర్వాత అవ్వలా నడుం వంచి, లేని కొళాయి మెడకు లేని దారం ముడివేస్తూ అంది: "దానికి దిష్టి తగిలిండాదక్కా. దగ్గు పట్టుకునె. మా అత్త నిమ్మకాయ కట్టె, గుమ్మడికాయ కట్టె, తగ్గలే. రేపు టానిక్కు పోస్తాదంట."

ముందు బీబమ్మ నవ్వింది. ఆమె నవ్వు ఒకసారి మొదలైతే ఆగే రకం కాదు. నూనె డబ్బా దొర్లుకుంటూ కాలవలో పడింది. గౌరక్క చాలాసేపు పంటి బిగువున ఆపుకుంది. చివరికి ఆమె కూడా, "సరోజా, నీ నోట్లో మన్ను పడ, నీళ్లు ఒలికిపోతా ఉండాయి చూడే" అంటూ కూలబడింది. కాలవలోంచి తీసిన డబ్బాను కడుక్కుని వచ్చి, బీబమ్మ అమ్మను తన ముందు నిలబెట్టింది. అప్పటికి ఎండ సందులోకి దిగింది. అమ్మ బిందె నడుముకెత్తుకుని నడుస్తుంటే ఒక పక్క చీరంతా తడిసి, ముఖం మీద చెమట పట్టి, కాటుక చుక్క కారిపోయింది. అవ్వ గుమ్మంలో నిలబడి దాన్నే చూసింది. ఆ రోజు చారులో ఉప్పు సరిగ్గా ఉంది.

గొట్టం బాగుచేసేదాకా అమ్మ రోజూ వెళ్లింది. నేను మళ్లీ వేళకు నిద్రలేవడం మొదలుపెట్టాను. నాయన తిరిగొచ్చి, మనుషుల్ని పెట్టి గొట్టం అతికించి, పెరట్లో నీళ్లు పడుతుంటే తృప్తిగా చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్న లేచేసరికి అమ్మ లేదు, బిందె లేదు. చీలిన చెంబు కూడా లేదు.

అంగడి దగ్గర బేరగాళ్లు ఎగతాళి చేశారు. ఇంట్లో కొళాయికి పటం కట్టించినావా అని ఒకరు, నీళ్లకు కూడా టోకు ధర వేరా అని ఇంకొకరు. నాయన ఆ సాయంత్రం అంగడి తలుపులు వేసి లోపలికి వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. కోప్పడలేదు. ఇంట్లో నీళ్లు పెట్టుకుని వీధిలో నిలబడితే నలుగురిలో తనకు ఎంత తలవంపులో, ఎంత తిరిగితే ఆ గొట్టం వచ్చిందో, నెమ్మదిగా చెప్పాడు. చివరికి అడిగాడు: "ఆ నీళ్లల్లో ఏముండాది, ఈ నీళ్లల్లో ఏం లేదు?"

అమ్మ చింతపండుతో బిందె తోముతోంది. తోమడం ఆపలేదు.

"నీళ్లల్లో తేడా ఏం లేదు. ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవురూ లేరు. ఆడ పిలుస్తారు."

ఆ మాట నిజం. అవ్వ ఆమెను 'అమ్మీ' అనేది. నాయన 'ఇదిగో' అనేవాడు. అంగట్లో హమాలీలకు ఆమె 'అక్క', నాకు 'అమ్మ'. పెద్దవాళ్లు పేర్లు పెట్టి పిలుచుకోని ఇళ్లలో అది మర్యాద. ఎవరి తప్పూ కాదు. ఆ గదిలో ఉన్న మాలో ఎవరికీ అంతకుముందు అది ఒక లోటుగా కనబడలేదు. నేను అవ్వ వైపు చూశాను. వక్కాకు నములుతున్న అవ్వ నమలడం ఆపింది. ఆమె పేరేమిటో నాకు తెలియదని ఆ క్షణంలో నాకు తట్టింది.

అవ్వ లేచి పెరట్లోకి వెళ్లింది. నిమ్మకాయ దారం తెంపడం వినబడింది. తిరిగొచ్చి నాయనతో, "పోనీలే అప్పా. పొద్దున్నే కడవ మోస్తే నడుమేం అరిగిపోదు" అంది. మర్నాటి నుంచే, కోడలికి కాపలా అంటూ తనూ వెళ్లి గౌరక్క ఇంటి ముందరి జగలి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కాపలా ఎంతసేపు ఉండేదంటే, అమ్మ నీళ్లు పట్టుకుని ఇంటికొచ్చి, సంగటి కెలికి దించాక కూడా అవ్వ రాలేదని నన్ను పంపేవారు. గౌరక్క అప్పటికే ఆమె పేరు రాబట్టింది. "ఏం నంజమ్మవ్వా, ఇంకా పోలేదా" అని వీధంతా వినబడేలా పిలిచేది. అవ్వ కసురుకుంటూనే ఇంకాసేపు కూర్చునేది.

ఆదివారం మామ వచ్చాడు. ఓళిగలు తిన్నాడు, అమ్మను చూసి బాగానే ఉండావే అన్నాడు, సాయంత్రం ఒక్కడే బస్సెక్కాడు. అతన్ని సాగనంపి వస్తూ నాయన పాత్రల అంగళ్ల వీధివైపు తిరిగాడు. ఇంటికొచ్చేసరికి ఆయన చంకలో ఒక చిన్న రాగి బిందె, నడుముకు సరిగ్గా కుదిరే సన్నటి మెడది. దాన్ని గడప దగ్గర దించి, "ఇదిగో, పాతది బరువు" అన్నాడు. అంతే అన్నాడు. చివరిదాకా ఆయన 'ఇదిగో' అనే పిలిచాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు తేలని విషయం ఒకటుంది. అమ్మకు నయం చేసింది ఏమిటి? పొద్దుటెండా, బరువు మొయ్యడమా, నవ్వా, నవ్వించడమా, గౌరక్క తిట్టా, పేరా? మా అమ్మాయి యాప్ వీటిని విడివిడిగా గళ్లలో పెట్టి, ఒక్కోదానికి టిక్కు పెట్టమంటుంది. అక్కడ మాత్రం వాటిని విడదీసే వీలు లేదు. నీళ్లు కావాలి గనక వెళ్లేవారు. మిగతావి అడగకుండానే వచ్చిపడేవి. ఉల్లాసం కోసమే వెళ్లి ఉంటే వరుస మధ్యలోనే తిరిగొచ్చేవారేమో. ఆ రోజులు బాగుండేవని నేను అనలేను. గౌరక్క భుజం ముసలితనంలో ఎత్తడానికి వచ్చేది కాదు. బీబమ్మ గర్భవతిగా కూడా ఆ బరువు మోసింది. ఏ ఆడమనిషీ మళ్లీ వీధిలో నీళ్లు మొయ్యాలని కోరుకోను. కొళాయిని ఇంట్లోకి తెచ్చినప్పుడు దాని వెంట ఇంకేం తెచ్చుకోవాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

కాటన్‌పేటలో ఇప్పుడు ఆ కొళాయి చోట గ్రానైటు పలక పరిచి, దాని మీద ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ప్రతి ఇంటికీ సంపు ఉంది, మోటారు ఉంది. సాయంత్రం ఎవరూ రాయి పెట్టి పోరు. ఒక విరిగిన వస్తువును చూసి, ఇది ఫలానా మనిషి, ఈమె చోటు ఇది అనుకునే కళ్లు ఆ సందులో లేవు.

మేముండే చోట మనుషులకు నంబర్లే గుర్తులు. సెక్యూరిటీ అతను నన్ను ఫ్లాటు నంబరు కలిపి మేడమ్ అంటాడు. వాట్సాప్ గుంపులో ఫిర్యాదులూ నంబర్ల మీదే వస్తాయి. పోయిన వేసవిలో బోరు ఎండి, కొన్నాళ్లు ట్యాంకరు దగ్గరికి బకెట్లు పట్టుకుని దిగవలసి వచ్చింది. అందరం ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డాం. నా ముందు ఒక చిన్నావిడ, నిద్రలేని కళ్లు, భుజం మీద పసిబిడ్డ. బిడ్డను ఎత్తుకుని బకెట్ ఎలా మొయ్యాలో తెలియక తటపటాయిస్తోంది. బిడ్డను నేను తీసుకున్నాను. బకెట్ నిండేలోగా ఆమెను పేరడిగాను. అడగడం ఆమెకు వింతగా తోచినట్టుంది. నా ముఖంలోకి చూసి చెప్పింది. ఆ వెంటనే ఫ్లాటు నంబరు చెప్పబోయింది. అది అక్కర్లేదన్నాను.